ఒక చేతి వల

ముడి బిగించిన ప్రతిసారీ తలుపులమ్మకి కుడివైపు పక్కటెముకల కింద పోటు పొడుస్తోంది. దారం చుట్టిన వెదురు పుల్లని వల కంట్లోంచి పైకి తీసి, మెలిక వేసి, చేతిని భుజం దాకా వెనక్కి లాగితే గానీ ముడి గట్టిపడదు. తంటా అంతా ఆ లాగడంలోనే ఉంది. మెలిక వేసేదాకా ఏమీ ఉండదు. లాగేసరికి లోపలినుంచి ఎవరో మడమ ఆనించి తన్నినట్టు ఉంటుంది. తన్నుతున్న మాటా నిజమే. ఎనిమిదో నెల వచ్చీ రాకుండానే లోపలి శాల్తీ తల కిందకీ కాళ్లు పైకీ పెట్టుకుని, తల్లి ఎముకలు తన కోసం వేయించిన దూలాలన్నట్టు వాటికి పాదాలు ఆనించి పడుకుంది. హాయి దానిది, నొప్పి ఈమెది.

కోటిపల్లి రేవుకి దిగువన, గౌతమి గట్టు మీద పదిహేను తాటాకిళ్ల పల్లెపాలెం. అందులో చివరి ఇల్లు తలుపులమ్మ మొగుడు పల్లంరాజుది. ఇంటి నడిమి గుంజకి కట్టిన వల ఆమె ఒళ్లోంచి చాప మీదకీ, చాప మీంచి గడప దాకా తెల్లగా పరుచుకుని ఉంది. పులస వల నలభై బారలు ఉండాలి. ముప్పై ఒకటి అయ్యాయి. ఒంట్లో బాగున్నన్నాళ్లూ రోజుకి బారకి పైగా అల్లింది. ఈ నాలుగు రోజుల్నించీ పొద్దస్తమానం కూర్చున్నా అర బార దాటడం లేదు.

గోదావరి ఎవరి కోసమూ ఆగదు. రాజమహేంద్రవరం దగ్గర కొత్తగా కడుతున్న రైలు వంతెన స్తంభాలు దాటుకుని వచ్చిన కలప తెప్పలవాళ్లు, పైన మన్యంలో వానలు మొదలయ్యాయని నిన్ననే చెప్పిపోయారు. ఎర్రనీరు దిగడానికి ఇంకో వారం, మహా అయితే పది రోజులు. ఎర్రనీటి వాసన తగిలిందంటే సముద్రంలోంచి పులస ఎదురెక్కుతుంది. అప్పటికి వల సిద్ధంగా ఉన్నవాడిదే ఆ ఏటి పంట.

మామూలు వలైతే ఇంత బెంగ లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే మూడు పూటల్లో తేలిపోతుంది. కానీ ఇది పల్లంరాజు సొంత నావకి మొదటి వల. ఆ పాలెంలో కొత్త నావకి కట్టే మొదటి పులస వల ఒక్క చేతి మీదే తయారవాలి. ఆ ఇంటి కోడలు మొదటి కన్ను వేసిందంటే చివరి కన్నూ ఆమే వెయ్యాలి. మధ్యలో ఇంకో చెయ్యి పడితే వల రెండు మాటలు వింటుందనీ, చేప నిలవదనీ అంటారు. సగంలో ఆగిపోయిన వలని ఆ ఏడు నీళ్లలో వెయ్యనివ్వరు. తండ్రి పోయాక పల్లంరాజు మూడేళ్లు వేరేవాళ్ల నావల మీద కూలికి పోయాడు. ఈ వల తెమలకపోతే నాలుగో ఏడూ పోతాడు, తన కొత్త నావ గట్టు మీద ఎండుతూ ఉంటుంది. అతను ఆ మాట అనడు. రోజూ పొద్దున్నే నావ దగ్గరికి పోయి, పగుళ్లేమీ లేకపోయినా అరచేత్తో పలకలు తడిమి వస్తాడు. అది చూసినప్పుడల్లా తలుపులమ్మకి డొక్కలో పోటు కంటే ఎక్కువ బాధ కలుగుతుంది.

"ఎంతయ్యిందే?"

అత్త అప్పాయమ్మ కోటిపల్లి సంతలో చేపలమ్ముకుని వచ్చి, ఖాళీ తట్ట అరుగు మీద బోర్లించింది. యాభై దాటినా నిటారుగా నడిచే మనిషి. పనంతా ఎడమచేత్తోనే చేస్తుంది కాబట్టి రేవంతటికీ పుర్రచేతి అప్పాయమ్మ.

"ముప్పావు బార ఉంటాదత్తా."

అప్పాయమ్మ వల అంచు పట్టుకుని రెండు చేతులూ చాచి కొలిచింది. "అర బార. ముప్పావంట, ముప్పావు."

కళ్లలో నీళ్లు తిరిగితే ముడి కనపడదని తలుపులమ్మ తల వంచుకుంది.

ఆ సాయంత్రం మంత్రసాని రత్తమ్మ వచ్చింది. పాలెంలో సగం మందికి బొడ్డు కోసిన చెయ్యి ఆవిడది. తలుపులమ్మని వెల్లకిలా కాకుండా ఎడమపక్కకి పడుకోబెట్టి, వేళ్లతో పొట్టంతా నెమ్మదిగా తడిమింది. జ్వరం ఉందా అని అడిగింది. తలనొప్పి, కళ్లు మసకలు, పాదాలకి వాపు, ఒకటొకటే అడిగి, అన్నింటికీ లేదనిపించుకున్నాక డొక్క కింద వేలు పెట్టి చిన్నగా నొక్కింది. లోపలినుంచి ఆ వేలి మీదకి తిరుగుదెబ్బ పడింది. రత్తమ్మ నవ్వింది.

"ఇదిగో, ఇక్కడున్నాయి కాళ్లు. బయపడాల్సిందేం లేదే పిల్లా. బిడ్డ పైకెక్కి కూచున్నాడు, చోటు చాలక నీ ఎముకలు ఎడం ఇత్తన్నాయి. తొమ్మిదో నెల్లో కిందకి దిగుతాడు, అప్పుడు నీకు ఊపిరి తిరుగుద్ది. అందాకా ముందుకి ఒంగి కూచోకు. వీపుకి మెత్తగా ఏదో ఒకటి ఆనించుకో. ఉండుండి లేచి, ఆ గుంజ పట్టుకుని కుడిచెయ్యి పైకి చాపి ఒళ్లు సాగదీసుకో. గోరెచ్చగా ఆముదం రాసి, ఉప్పు మూటతో కాపడం పెట్టు. మూట చేతికి ఓర్చుకునేంత వేడే ఉండాలి సుమా."

"వల అల్లొచ్చా?" అంది తలుపులమ్మ.

రత్తమ్మ అప్పాయమ్మ వైపు తిరిగింది. "అల్లడానికేం గానీ, అంత లాగుడు పనికిరాదు. వదినా, ఎవరో ఒకరు ఓ చెయ్యేత్తే పోయేదేముంది? పిల్ల పక్కలు చూడు, ముట్టుకుంటే ముడుచుకుపోతంది."

"ఒక చేతి వల్లో ఇంకో చెయ్యి పెట్టమంటావా?" అప్పాయమ్మ గొంతు పెంచింది. "నేను మా పల్లాన్ని కడుపులో పెట్టుకుని అల్లలేదా? నలభై బారలు. నా పుర్రచెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగిలిందేమో రేవంతా అడుగు."

అడగక్కర్లేదు. ఆ కథ రేవంతటికీ నోటికి వచ్చు. తలుపులమ్మ కాపురానికి వచ్చిన ఈ ఏడాదిన్నరలో ఇరవైసార్లైనా విని ఉంటుంది. ఇవాళ మాత్రం ఆ మాట వినగానే ఆమెకి అత్త మీద పట్టరాని కోపం వచ్చింది. నీకు నొప్పి లేకపోతే నాకూ ఉండకూడదా అని అడగాలనిపించింది. అడిగితే ఏడుపొస్తుందని ఊరుకుంది.

రత్తమ్మ వెళ్లిపోయాక అప్పాయమ్మ కొడుకుని పిలిచింది. "ఒరే పల్లం, అటకెక్కి నా పాత వల దించు. చుట్టచుట్టి దీని వీపు వెనకాల పెట్టు."

పల్లంరాజు నోరు తెరిచాడు. పాతికేళ్ల నాటి ఆ వల నీళ్లకి పనికిరాకుండా పోయి ఎంతో కాలమైంది. అయినా దాన్ని దులపడానికి కూడా తల్లి ఎవరినీ ముట్టుకోనివ్వదు.

"నీ వలా?"

"మనింట్లో ఇంకెవరిదుంటదిరా? దించమంటే."

అతను దించాడు. దారం పుచ్చకుండా ఏటేటా తుమ్మచెక్క రసంలో ఉడికి ఉడికి ముదురు గోధుమరంగు తిరిగిన వల. చుట్టచుట్టి గుంజకీ పెళ్లాం వీపుకీ మధ్య పెట్టాడు. తలుపులమ్మ జారబడి చూసింది. వీపుకి మెత్తగానూ గట్టిగానూ ఉంది. డొక్క కొంచెం తెరుచుకుని ఊపిరి నిండుగా వచ్చింది. కోపం మీద ఉంది గనక బాగుందని చెప్పలేదు.

మర్నాటి నుంచి పల్లంరాజు పెళ్లాం పక్కటెముకల బాధ్యత తన మీద వేసుకున్నాడు. పొద్దున్నే ఆముదం వెచ్చబెట్టి తెచ్చాడు. మొదటిరోజు మరీ వేడిగా తెచ్చి తన చెయ్యే కాల్చుకున్నాడు. ఉప్పు మూట పలచటి గుడ్డలో కడితే ఉప్పంతా రాలి చాప మీద పడింది. వంగి ఏరబోతున్న పెళ్లాన్ని వారించి తనే ఏరాడు.

"మావా, నువ్వెళ్లి నావ చూసుకో. ఇక్కడ నన్ను ఉప్పుచేపని చేసేలాగున్నావు," అంది తలుపులమ్మ.

"ఎండబెట్టేదాకా ఉంటాలే," అన్నాడు అతను.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వగానే డొక్కలో పొడిచింది. "నవ్వించకు మావా, నీకు పుణ్యముంటాది," అని పక్క పట్టుకుంది. అతను బెంబేలు పడి, గుంజకి కట్టిన వల ముడి విప్పి, ఆమె భుజాల ఎత్తున మళ్లీ కట్టాడు. నిలబడి అల్లితే ఒంగక్కర్లేదు కదా అని అతని ఊహ. నిజంగానే ఒక జాము సేపు సుఖంగా ఉంది. ఆ తర్వాత పిక్కలు లాగడం మొదలెట్టాయి. వల కిందకి దించి మళ్లీ కూర్చుంది. ఇలా కాసేపు నిలబడి, కాసేపు కూర్చుని, మధ్యలో గుంజ పట్టుకుని కుడిచెయ్యి పైకి చాపి, అటు ఒళ్లు సాగదీసి ఇటు ఊపిరి పీల్చి, సాయంత్రానికి అర బార తేలింది. నొప్పి తగ్గింది గానీ వల పెరగలేదు.

అప్పాయమ్మ కొలిచింది. పోతూ పోతూ, "వీపుకి బాగుందా?" అంది.

"బాగానే ఉంది."

"ఒకే వైపు ఆనుకుంటే అణిగిపోద్ది. తిప్పి పెట్టుకో." ఆవిడే వంగి పాత వలని సగం విప్పి, లోపలి మడత పైకి వచ్చేలా మళ్లీ చుట్టి పెట్టింది.

ఆ మర్నాడూ అదే వరస. అర బార. మళ్లీ కొలత, మళ్లీ తిప్పి పెట్టడం. నాకు సాయం చెయ్యని మనిషికి ఈ పాత వల మీద అంత ధ్యాసేంటో అనుకుంది తలుపులమ్మ. ముప్పై రెండు బారలయ్యాయి. ఇంకా ఎనిమిది. ఆ సాయంత్రం రేవులో నీళ్లు తేవడానికి వెళ్లిన పల్లంరాజు ఖాళీ బిందెతో తిరిగొచ్చాడు. ఎందుకు ఖాళీగా వచ్చావంటే, మర్చిపోయానన్నాడు. నీటి రంగు చూస్తూ నిలబడిపోయాడని ఆమెకి అర్థమైంది.

మూడోరోజు మధ్యాహ్నం పల్లంరాజు నావ సందుల్లోకి నీళ్లు దిగకుండా కీలు పూయడానికి వెళ్లాడు. అప్పాయమ్మ ఇంకా సంత నుంచి రాలేదు. తలుపులమ్మ పుల్ల పక్కన పెట్టి, పాత వల మీద వెనక్కి జారబడి కళ్లు మూసుకుంది. ఇంక తన వల్ల కాదని ఆమెకి తెలిసిపోయింది. రోజుకి అర బార చొప్పున ఎర్రనీరు వచ్చేనాటికి ముప్పై ఆరు కూడా కావు. మొగుడికి ఆ మాట ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, చేతికందిన పాత వలని ఊరికే వేళ్లతో తడుముతూ కూర్చుంది. వల అల్లేవాళ్ల వేళ్లు ఖాళీగా ఉండవు. కన్ను దాటి కన్ను, ముడి దాటి ముడి పోతూనే ఉంటాయి.

అత్త ముడి ఆమెకి బాగా తెలుసు. వల పని నేర్పింది అత్తే. ఎడమచేత్తో వేసే మెలిక అందరి మెలికకీ ఎదురు తిరిగి ఉంటుంది. పక్కన కూర్చుని చూస్తే అంతా తిరకాసుగా ఉండేది. ఎదురుగా కూర్చుంటే అద్దంలో చూసినట్టు సరిపోయేది. అలా నెలరోజులు ఎదురెదురుగా కూర్చుని నేర్చుకుంది. చీకట్లో పట్టుకున్నా ఇది అత్త ముడి, ఇది నా ముడి అని చెప్పగలదు.

వేళ్లు ఒకచోట ఆగాయి.

అంతవరకూ వచ్చిన ముళ్లన్నీ అత్తవే. ఇది కాదు. తలుపులమ్మ కళ్లు తెరిచి, ఆ మడతని వెలుతురులోకి లాగింది. మెలిక కుడిచేతిది. పక్కదీ కుడిచేతిదే. దాని పక్కదీ. ఒళ్లో పరుచుకుని వరసగా చూసుకుంటూ పోయింది. చేతులు చాచి కొలిచింది. దగ్గర దగ్గర ఎనిమిది బారల మేర ఒక్క పుర్రచేతి ముడి లేదు. ఆ తర్వాత చివరి రెండు బారలూ మళ్లీ అత్తవి.

ఎంతసేపు అలా చూస్తూ ఉండిపోయిందో. గడపలో నీడ పడితే తలెత్తింది. అప్పాయమ్మ తట్ట నెత్తిన ఉండగానే నిలబడి చూస్తోంది.

"అత్తా, ఈ ముళ్లు నీయి కావు," అంది తలుపులమ్మ.

అప్పాయమ్మ తట్ట దించింది. నెత్తి మీది చుట్టకుదురు గుడ్డ విప్పి మొహం తుడుచుకుంది. అప్పుడు చాప మీద కోడలికి ఎదురుగా చతికిలబడి, "ఎన్నాళ్లకి చూశావే!" అంది. "మూడ్రోజుల్నించీ వీపుకి పెట్టుకుని కూచున్నావు. రోజూ మడత తిప్పి తిప్పి పెడతన్నాను. దీనికి కళ్లున్నాయా లేవా అని నాకు అనుమానమొచ్చేసింది."

తలుపులమ్మ ఆ మడతని అత్త ముందుకి జరిపింది.

"మా అత్తవి," అంది అప్పాయమ్మ, ఆ ముళ్ల మీద బొటనవేలు రాస్తూ. "పల్లం కడుపులో ఉన్నప్పుడు నాకూ ఇక్కడే పొడిచింది. నాది పుర్రచెయ్యి కదా, ఎడం పక్కన. ఒక రోజు పుల్ల చేత్తో పట్టుకుని ఏడుత్తన్నాను. మా అత్త తలుపేసి వచ్చి నా చేతిలో పుల్ల లాక్కుంది. మొగోళ్లు ఇంటికొచ్చే వేళకి మళ్లీ నా చేతిలో పెట్టేసేది. ఆవిడకి వాళ్లత్త అల్లిందంట. ఒక చేతి వలలని మనోళ్లు చెప్పుకుంటారు గానీ, ఎన్ని చేతులు పడ్డాయో ఎవరికి తెలుసు! అందరివీ కుడిచేతులే కాబట్టి తెలీలేదు. నాదొక్కదాన్లోనే బయటపడిపోయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?" తలుపులమ్మ నిలదీసింది. ఇన్నాళ్ల కోపం ఒక్కసారి పైకొచ్చింది. "నేను ఇక్కడ చచ్చిపోతా ఉంటే రత్తమ్మత్త ముందు అంత పెద్ద పెద్ద మాటలన్నావు. ఇరవైసార్లు చెప్పావు ఆ కథ!"

"చెప్పకూడదే. మా అత్త నా చేత ఒట్టేయించుకుంది. నీ వల్లో నా ముళ్లు కనబడతాయి, నీ కోడలు చూసి అడిగితే చెప్పు, అడక్కపోతే నోరెత్తకు అంది. ముడి ముడీ చూసేపాటి ఓపికున్న పిల్లైతే నోరు కట్టుకుని కూడా ఉంటదని ఆవిడ లెక్క." అప్పాయమ్మ నేల చూస్తూ అంది. "ఇవాళ కూడా నువ్వు చూడకపోతే రేపు ఒట్టు గట్టునెట్టి నేనే పుల్ల లాక్కుందామనుకున్నాను. రాత్రుళ్లు నువ్వు పక్క మీద దొర్లుతా ఉంటే నాకు నిద్ర పట్టిందనుకున్నావా?"

తలుపులమ్మ ఏడ్చింది. నొప్పి వల్ల కాదు. ఎదుటి మనిషి మీద మూడు రోజులు పెంచుకున్న కోపం ఎటు పోవాలో తెలియక ఏడ్చింది. అప్పాయమ్మ ఏడవనిచ్చింది. ఆ తర్వాత గోరువెచ్చగా ఉన్న ఆముదం గిన్నె దగ్గరికి లాక్కుని, కోడలి కుడి డొక్క మీద అరచేత్తో గుండ్రంగా, నెమ్మదిగా రాయడం మొదలెట్టింది. పల్లంరాజు చేతి కంటే వెయ్యి రెట్లు నయం. ఎక్కడ నొప్పో ఆ చేతికి తెలుసు.

రాయడం అయ్యాక అప్పాయమ్మ పుల్ల వైపు చూసింది, తీసుకోలేదు.

"ఒక మాట చెప్పాలి. నీది కుడిచేతి వల. అందులో నా పుర్రచేతి ముళ్లు పడితే వేరుగా కనబడతాయి. తుమ్మచెక్క బానలో ముంచే ముందు, తెల్ల వలని పెద్దాయన బుల్లబ్బాయి బావగారు ఏళ్లతో తడిమి చూత్తారు. నా వల చూసింది వాళ్ల నాన్న. ఆయనకి చూపూ ఆనేది కాదు, చేతి ఏళ్లూ మొద్దుబారిపోయాయి, గట్టెక్కిపోయాను. ఈయనకి చూపూ ఏళ్లూ బాగానే ఉన్నాయి. కనిపెట్టారంటే వల గోదాట్లో వదిలేయాలి. పల్లం కూలికి పోవాల్సిందే. అల్లమంటే అల్లుతాను, మానమంటే మానేత్తాను. నువ్వే చెప్పాలి."

తలుపులమ్మ వల వైపు చూసింది. అల్లకపోతే ఎలాగూ తెమలదు. అల్లితే తెములుతుంది, దొరికిపోతే పోతుంది. లోపలి శాల్తీ కూడా తన అభిప్రాయం చెప్పాలనుకుందో ఏమో, ఎముక మీద ఒక్కటిచ్చింది. ఆమె పుల్ల తీసి అత్త ఎడమచేతిలో పెట్టింది.

ఆ తర్వాత అయిదు రోజులు ఆ ఇంట్లో వల పెరిగిన తీరు చూస్తే పల్లంరాజుకి మతి పోయింది. రోజుకి బారన్నర. అప్పాయమ్మ సంతకి పోవడం మానేసింది. కోడలికి పథ్యం చూసుకోవాలని చెప్పింది. అతను నావ దగ్గరికి పోగానే తలుపు ఓరగా వేసి ఆవిడ పుల్ల అందుకునేది. ఆవిడ అల్లుతుంటే తలుపులమ్మ పాత వలకి ఆనుకుని, రెండో పుల్లకి దారం చుట్టేది, కన్ను కొలిచే చెక్కముక్క అందించేది. అత్త భుజం పట్టేస్తే ఈమె కాసేపు అల్లేది. పొడవడం మొదలెట్టగానే పుల్ల మారిపోయేది. అప్పుడప్పుడూ అప్పాయమ్మ లేచి ఆముదం రాసేది, ఆ చేత్తోనే మళ్లీ వల పట్టుకునేది. అతని అడుగుల చప్పుడు వినపడగానే పుల్ల కోడలి చేతిలోకీ, చీపురు అత్త చేతిలోకీ వెళ్లిపోయేవి. ఒకసారి ఖంగారులో చీపురు కోడలి చేతిలోకి వెళ్లింది.

"కడుపుతో ఉన్న దాని చేత చీపురు పట్టిత్తావేంటమ్మా?" అన్నాడు పల్లంరాజు.

"ఒంగకుండా ఒళ్లు సాగదీసుకోమంది కదరా రత్తమ్మ. సాగదీసుకుంటంది," అంది అప్పాయమ్మ, అతను వలని చూడకుండా దాని మీద కూరల బుట్ట పెట్టేస్తూ.

నొప్పి పూర్తిగా పోలేదు. తెల్లారి లేచేసరికి డొక్క పట్టేసి ఉండేది. కానీ ఒక్కర్తీ మోస్తున్న నొప్పికీ, ఎదురుగా కూర్చున్న మనిషికి తెలిసిన నొప్పికీ చాలా తేడా ఉంది. తలుపులమ్మ ఆ అయిదు రోజులూ సుఖంగానే ఉంది. మధ్యాహ్నాలు కునుకు కూడా తీసింది. అయిదోనాటి సాయంత్రం చివరి కన్ను ఆమే వేసింది. అది మాత్రం కోడలే వెయ్యాలని అప్పాయమ్మ పట్టుబట్టింది.

తెల్లారేసరికి రేవులో నీళ్లు పలచటి కావిరంగులో ఉన్నాయి. పాలెమంతా గట్టు మీదకి వచ్చింది. రాళ్ల పొయ్యి మీద పెద్ద బానలో తుమ్మచెక్క రసం మరుగుతోంది. పల్లంరాజూ ఇంకొకడూ తెల్ల వలని భుజాల మీద మోసుకొచ్చి ఇసకలో చాప మీద పరిచారు. పాలెం పెద్ద బుల్లబ్బాయి పీట మీద కూర్చుని, వల అంచు ఒళ్లోకి లాక్కున్నాడు. సన్నటి మనిషి, తెల్లమీసాలు. వేళ్లు మాత్రం ఇప్పటికీ కుర్రవాడి వేళ్లలా చురుకు.

వల ఆయన చేతుల్లోంచి బార తర్వాత బార జారిపోతోంది. తలుపులమ్మ కొంచెం ఎడంగా, ఒక చెయ్యి నడుముకి ఆనించుకుని నిలబడింది. ముప్పై రెండు బారలదాకా భయం లేదని తెలిసినా లెక్కపెడుతూనే ఉంది. ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు.

ముప్పై మూడో బార దగ్గర బుల్లబ్బాయి వేళ్లు ఆగాయి.

ఆయన వలని దగ్గరికి తీసుకున్నాడు. తలుపులమ్మ పల్లంరాజు మొహం చూడలేక నావ వైపు చూసింది. నావకి పసుపు పూసి, ముక్కున వేపమండ కట్టి ఉంది. రాత్రంతా నిద్రపోకుండా కట్టి ఉంటాడు. బుల్లబ్బాయి వలని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏంటమ్మా అప్పాయమ్మా, ఇక్కడ్నించీ వలంతా ఆముదం కంపు?"

"మరేనండి బావగారూ," అంది అప్పాయమ్మ, కొంగు నెత్తి మీదకి సర్దుకుంటూ. "కోడలికి ఎనిమిదో నెల. డొక్కల్లో పోటు. ఆముదం రాయందే చెయ్యి ఆడేది కాదండి. ఆ చేత్తోనే అల్లాల్సొచ్చింది. దారానికి అంటుకోదాండి మరి?"

ఆ మాటల్లో ఒక్క అబద్ధం లేదు. ఎవరి చేతికి ఆముదమో ఆయన అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

"ఆయ్, అలాగా," బుల్లబ్బాయి తల పైకెత్తి తలుపులమ్మని చూశాడు. "అంత నొప్పిలో కూడా ఆపలేదన్నమాట. ఏం పిల్లమ్మా!" వాసన సంగతి తేలిపోయాక ఆయన వేళ్లు మళ్లీ కదిలాయి. మిగిలిన బారలన్నీ ఇంతకు ముందుకంటే తొందరగా జారిపోయాయి. ఆయన ముడి గట్టిదనమే చూశాడు, మెలిక ఎటు తిరిగిందో చూడలేదు. చివరి కన్ను కళ్లకద్దుకుని, "నలభై బారలూ ఒక్క చెయ్యి. ముంచండి," అన్నాడు.

పల్లంరాజు ఒక్క గంతు వేశాడు. "నేను చెప్పలే? నేను చూశాను కదా, అయిదు రోజులు ఎలా అల్లిందో! రోజుకి బారన్నర! అమ్మ కూడా అంత అల్లలేదు!" అని గట్టు మీద కనపడిన వాళ్లందరికీ చెప్పడం మొదలెట్టాడు. "చూశాను" అన్నప్పుడల్లా తలుపులమ్మకి కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోబోయింది, కుదరలేదు. నవ్వగానే డొక్కలో కలుక్కుమంది.

"అమ్మో!" అని పక్క పట్టుకుంది.

ఆమె చెయ్యి అక్కడికి చేరేలోపే అప్పాయమ్మ ఎడమ అరచెయ్యి చేరింది. "నవ్వకే, నవ్వకు. నువ్వు నవ్వేకొద్దీ వాడు తంతాడు." కానీ ఆవిడ పెదాలు కూడా అదురుతున్నాయి. ఇద్దరూ మొహాలు తిప్పుకుని, బానలోకి దిగుతున్న వలని చూస్తూ నిలబడ్డారు. తెల్లటి దారం రసం తాగి, మొదట పసుపుగా, ఆ తర్వాత ఎర్రగా, ఆ తర్వాత పాత వల రంగులోకి తిరిగింది. ఇంక ఎవరి ముడి ఏదో కళ్లతో చూసి చెప్పడం కష్టం. చేత్తో తడిమి చూడాలి.

"వల పాడైనా పారెయ్యకు," అంది అప్పాయమ్మ, ఆమెకి మాత్రమే వినపడేలా. "అటక మీద పెట్టుకో. నీకూ కోడలొత్తది కదా."

"ఆడపిల్ల పుడితేనో?"

అప్పాయమ్మ ఆలోచించింది. అరచేతి కింద బిడ్డ ఇంకోసారి తన్నింది.

"దాని అత్త ఎలాంటిదో మనకేం తెలుసు? నువ్వే పడవెక్కి తీసుకెళ్లి దాని వీపుకి పెట్టు," అంది. "మడతలు రోజూ తిప్పుతా ఉండు."